బయోడేటా – మనల్ని మనం ఒక్క పేజీలో చెప్పుకోవడం



డిగ్రీ పరీక్షలు అయిపోగానే సూర్యాపేట బస్టాండ్ దగ్గర ఒక నెట్ సెంటర్‌కు వెళ్లి బయోడేటా చేయించుకున్నాను. అక్కడి అన్న కంప్యూటర్‌లో అప్పటికే ఉన్న ఎవరిదో బయోడేటా తెరిచాడు. పేరు, మార్కులు మార్చి రెండు పేజీలు ప్రింట్ తీసిచ్చాడు. చిరునామా దగ్గర హాస్టల్ పేరు వద్దన్నాను. ఎవరైనా చిన్నచూపు చూస్తారేమోనని నా భయం.

ఆ కాగితాలతో హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఇంటర్వ్యూకు పోయాను. "సవాళ్లంటే ఇష్టమని రాశావు కదా, ఇప్పటివరకు ఏ సవాలు ఎదుర్కొన్నావు?" అని అడిగారు. నోరు పెగల్లేదు. "హాబీ చెస్ అని ఉంది, ఆడతావా?" అన్నారు. చెస్‌లో గుర్రం ఎటు నడుస్తుందో కూడా నాకు తెలియదు. అది నాకంటే ముందు చేయించుకున్నవారి హాబీ. ఉద్యోగం రాలేదు. తిరుగు బస్సులో ఆలోచిస్తే అర్థమైంది. ఆ రెండు పేజీల్లో నేను లేను. హాస్టల్‌ను తీసేసినప్పుడే అక్కడ నేను చేసిన పనంతా పోయింది.

అసలు బయోడేటా ఎందుకు?

కరికులమ్ విటే అంటే లాటిన్‌లో జీవన గమనం అని అర్థం. దానినే సీవీ అంటున్నాం. రెజ్యూమె ఫ్రెంచి మాట, సారాంశం అని అర్థం. మన దగ్గర మూడింటినీ బయోడేటా అనే పిలుస్తారు. కొత్తగా చదువు ముగించినవారికి ఒక్క పేజీ చాలు.

1480ల తొలి ఏళ్లలో లియోనార్డో డావిన్సీ కొలువు కోరుతూ మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకు ఒక ఉత్తరం రాసుకున్నాడు. ఈనాడు లోకమంతా ఆయనను చిత్రకారుడిగానే గుర్తుపెట్టుకుంది. ఆ ఉత్తరంలో మాత్రం తేలికైన వంతెనలు, ఫిరంగులు, యుద్ధ వాహనాలు చేయగలనని వరుసగా చెప్పి, చిత్రకళ మాట చివర్లో ఎత్తాడు. యుద్ధాల కాలంలో పాలకుడికి ముందు కావలసింది ఏమిటో ఆయనకు తెలుసు. మనకూ సూత్రం అదే. మన గొప్పల కంటే ముందు వారి అవసరం చూడాలి.

ఎవరికి ఏం కావాలి?

మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమాస్తా కావాలంటే కాటా చీటీలు, బస్తాల లెక్క, ట్యాలీ తెలిసినవారిని చూస్తారు. కోదాడలో ప్రైవేటు బడికి పాఠం చెప్పిన అనుభవం ముఖ్యం. సూర్యాపేటలో ఆసుపత్రి రిసెప్షన్‌కు ఓపికగా మాట్లాడడం, కంప్యూటర్‌లో వివరాలు ఎక్కించడం రావాలి. హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు ఐటీఐ, డిప్లొమా ట్రేడు ముందు కనబడాలి. కాబట్టి ఒకే కాగితానికి యాభై జిరాక్సులు తీసి అందరికీ పంచకండి. ప్రకటన రెండుసార్లు చదివి, వారు అడిగినవాటిలో మీకు నిజంగా వచ్చినవి పైకి తెండి.

ఏ వరుసలో రాయాలి?

1. పేరు, ఫోన్ నంబరు, మెయిల్, ఊరు. అభిమాన హీరో పేరుతో పెట్టుకున్న మెయిల్ వద్దు.

2. రెండు వాక్యాల పరిచయం. ఏం చదివారు, ఏ పని చేయగలరు.

3. చదువు. ముందు పెద్ద చదువు, తర్వాత ఇంటర్, పదో తరగతి. సంవత్సరం, మార్కుల శాతం చాలు.

4. చేసిన పనులు. జీతం వచ్చినవీ, రానివీ.

5. వచ్చిన విద్యలు. ఎక్సెల్ తెలుసని రాస్తే ఇంటర్వ్యూలో చేసి చూపమంటారు. నేర్చుకుంటుంటే నేర్చుకుంటున్నానని రాయండి.

6. భాషలు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు, లంబాడీ ఏది వచ్చినా రాయండి. జనంతో మాట్లాడే ఉద్యోగాల్లో అది బలం.

"నాకు అనుభవం ఏముంది?" అనే తమ్ముడికి

ఈ మాట చాలామంది అన్నారు. నేనూ అన్నాను. రెండేళ్లు నేను మెస్ కమిటీలో ఉన్నాను. బియ్యం, పప్పు, నూనె, గుడ్లు తూకం చూసి దింపుకోవడం, స్టాక్ రిజిస్టరు రాయడం, నెలాఖరుకు లెక్క సరిచూడడం నా పని. ఒకసారి పప్పు లెక్క తప్పితే రాత్రి పదకొండు దాకా కూర్చుని ఎక్కడ తప్పిందో పట్టుకున్నాం. కంపెనీ భాషలో దాని పేరు స్టాక్ నిర్వహణ. సవాలు ఏమిటని ఆనాడు అడిగిన ప్రశ్నకు జవాబు నా దగ్గరే ఉంది, కాగితం మీద లేదు.

"కష్టపడే గుణం, నిజాయితీ ఉన్నాయి" అని అందరూ రాస్తారు. ఎవరూ నమ్మరు. "రెండేళ్లు 110 మంది విద్యార్థుల మెస్ సరుకుల రిజిస్టరు రాశాను" అంటే నమ్ముతారు. పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పారా? ఎందరికి, ఎంతకాలం? సెలవుల్లో సెల్ షాపులో, పత్తి మిల్లులో పనిచేశారా? ఏం చేశారు? అంకెతో రాయండి.

ఏం రాయకూడదు?

పాత నమూనాల్లో కులం, మతం, తండ్రి వృత్తి, పెళ్లి వివరాలు ఉంటాయి. ప్రైవేటు ఉద్యోగానికి అవి అక్కర్లేదు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అనే పరిశోధకులు పత్రికల్లో వచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు 66 వారాల పాటు 4,808 దరఖాస్తులు పంపి చూశారు. అర్హతలు సమానంగా ఉన్నా దళిత, ముస్లిం పేర్లున్న దరఖాస్తులకు పిలుపు వచ్చే అవకాశం తక్కువని తేలింది. ఆ ఫలితాలు 2007లో వచ్చాయి. ఆ తప్పు దరఖాస్తు పెట్టినవారిది కాదు, చూసే కళ్లది. అడగని వివరం మనంతట మనం ఇవ్వనవసరం లేదు. ప్రభుత్వ ఉద్యోగాల సంగతి వేరు. అక్కడ రిజర్వేషన్ మన హక్కు. దరఖాస్తులో కులం కాలమ్ తప్పకుండా నింపాలి, సర్టిఫికెట్ సిద్ధంగా ఉంచుకోవాలి.

మరి హాస్టల్ పేరు? దాచమని నేను చెప్పను, రాసి తీరాలనీ చెప్పను. అక్కడ చేసిన పని మాత్రం వదలకండి. ఆధార్, బ్యాంకు నంబర్లు బయోడేటాలో అసలు పెట్టకండి. ఉద్యోగమిస్తాం, ముందు డబ్బు కట్టమనేవారిని నమ్మకండి.

పంపే ముందు

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నట్టు, కాగితం చూసి మన పనితనం అంచనా వేస్తారు. ఇంగ్లీషు తప్పులు లెక్చరర్‌తోనో సీనియర్‌తోనో దిద్దించుకోండి. రంగులు, పూల అంచులు వద్దు. పీడీఎఫ్ చేసి మీ పేరుతోనే సేవ్ చేయండి. ఆఖరుగా ప్రతి వాక్యం దగ్గర ఆగి, "దీని మీద ప్రశ్న వేస్తే రెండు నిమిషాలు మాట్లాడగలనా?" అని అడుక్కోండి. మాట్లాడలేనిది కొట్టేయండి.

ఇలా తిరగరాసిన పేజీతోనే ఎం.కాం. చదువుతూ సెలవుల్లో మిర్యాలగూడలో ఒక మిల్లులో లెక్కలు రాసే పని దొరికింది. పెద్ద కొలువేమీ కాదు. కానీ మా నాన్న హమాలీగా బస్తాలు మోసిన ఊర్లో బస్తాల లెక్క రాయడం మా ఇంట్లో చిన్న సంగతి కాదు. ఆ పేజీని తెలుగులో చెప్పి వినిపిస్తే, చదువు రాని మా అమ్మ, "ఇంత పని చేసినవా బిడ్డా, ఎన్నడూ చెప్పలేదు" అన్నది.

తమ్ముళ్లూ, మనం చేసిన పని చెప్పుకోవడం గొప్పలు పోవడం కాదు. ఈ వార్షికోత్సవం అయ్యాక ఒక తెల్ల కాగితం తీసుకుని, ఇన్నేళ్లలో ఏమేం చేశారో రాయడం మొదలుపెట్టండి. పేజీ చాలకపోతే సంతోషమే, అప్పుడు కుదిద్దాం.