అక్షాంశాలు, రేఖాంశాలు: స్థాన నిర్ధారణ

కాకినాడ నుంచి చేపల వేటకు వెళ్లిన ఒక పడవ ఇంజిన్ నడిసముద్రంలో ఆగిపోయిందనుకోండి. గుర్తుగా చెప్పడానికి అక్కడ ఊరు లేదు, మైలురాయి లేదు. "16°30' ఉత్తర అక్షాంశం, 83° తూర్పు రేఖాంశం వద్ద ఉన్నాం" అని వైర్‌లెస్‌లో చెప్పగలిగితే రక్షణ నౌక నేరుగా అక్కడికి చేరుతుంది. ఈ రెండు విలువలూ ఎందుకు అవసరమో పరిశీలిద్దాం.

అక్షాంశాలు

ఒక ప్రదేశం భూమధ్యరేఖకు ఉత్తరంగా గాని, దక్షిణంగా గాని ఎంత దూరంలో ఉందో కోణీయంగా తెలిపేది అక్షాంశం. భూమధ్యరేఖ 0°, ధ్రువాలు 90°. అక్షాంశ రేఖలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండే వృత్తాలు. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కి.మీ. దూరానికి సమానం.

విజయవాడ కూడా ఇంచుమించు 16°30' ఉత్తర అక్షాంశంపైనే ఉంది. కాబట్టి అక్షాంశం ఒక్కటే చెబితే పడవ ఎక్కడుందో తెలియదు. ఆ వృత్తంపై ఎక్కడైనా ఉండవచ్చు.

రేఖాంశాలు

ఉత్తర, దక్షిణ ధ్రువాలను కలిపే అర్ధవృత్తాలు రేఖాంశాలు. భూభ్రమణం వల్ల భూమధ్యరేఖ సహజంగానే నిర్ణయమవుతుంది. రేఖాంశాలకు అలాంటి సహజమైన ఆరంభ రేఖ లేదు. అందుకే 1884లో వాషింగ్టన్‌లో సమావేశమైన వివిధ దేశాల ప్రతినిధులు గ్రీనిచ్ మీదుగా పోయే రేఖాంశాన్ని 0°గా ఎంచుకున్నారు. అక్కడి నుంచి తూర్పుకు 180°, పడమరకు 180° వరకు లెక్కిస్తాం. రెండు రేఖాంశాల మధ్య దూరం అంతటా ఒకేలా ఉండదు. ఒక డిగ్రీకి భూమధ్యరేఖ వద్ద సుమారు 111 కి.మీ., మన పడవ ఉన్నచోట సుమారు 107 కి.మీ., ధ్రువాల వద్ద సున్నా.

ఒక జాగ్రత్త

ఒక డిగ్రీకి 60 నిమిషాలు. కనుక 16°30' అంటే 16.5°, 16.30° కాదు. పడవ స్థానాన్ని 16.30° అని రాసుకుంటే 0.2° తేడా వస్తుంది. అంటే రక్షణ నౌక అసలు చోటికి దాదాపు 22 కి.మీ. దక్షిణాన వెతుకుతుంది! స్థానాన్ని రాసేటప్పుడు డిగ్రీలు, నిమిషాలు, దిక్కు మూడింటినీ సరిచూసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన రేఖాంశం 82°30' తూర్పు. దీన్ని దశాంశ రూపంలో రాయండి.

జవాబు: 30ని 60తో భాగిస్తే 0.5. కాబట్టి 82.5° తూర్పు.