బందరు వానల లెక్క - ధాన్యం బేరం

మచిలీపట్నం: కోతలకు ముందే ధాన్యానికి బేరం కుదుర్చుకునే వర్తకులు వర్షపాతం పట్టీలో ‘సాధారణం’ అన్న గడి చూసి ధైర్యం తెచ్చుకోవడం కద్దు. బందరు వంటి రేవు పట్టణంలో ఆ గడిలోని అంకె బేరానికి పనికివచ్చేది తక్కువ.

సాధారణం అంటే అనేక సంవత్సరాల సగటు. నవంబరులో వరుసగా నాలుగేళ్లు 20 మిల్లీమీటర్ల చొప్పున, అయిదో ఏట 400 మిల్లీమీటర్లు కురిసిందనుకుంటే సగటు 96 అవుతుంది. 96 కురిసిన ఏడు మాత్రం అందులో ఒక్కటీ లేదు. తీరంలో నవంబరు వాన ఇంచుమించు ఇలాంటిదే. వాయుగుండం వస్తే కుంభవృష్టి, రాకపోతే పొడి గాలి. సగటు చూసి కొన్నవాడు రెండింటిలో దేనికీ సిద్ధపడనట్లే.

పైగా ఆ సగటు కూడా స్థిరం కాదు. నైరుతి రుతుపవనాలకు దేశం మొత్తానికి వాడే సగటును వాతావరణ శాఖ 2022లో సవరించింది. 1961-2010 మధ్య లెక్క ప్రకారం సుమారు 88 సెంటీమీటర్లున్నది, 1971-2020 లెక్కతో 87కు దిగింది. కొలబద్దే పొట్టిదయిందన్నమాట. పాత బులెటిన్‌లోని లోటు శాతాన్ని కొత్త బులెటిన్‌లోని శాతంతో పోల్చి నిలవలు పట్టేవారు ఈ సంగతి మరువరాదు.

మరొక చిక్కు, నైరుతి లెక్క సెప్టెంబరు 30తో మూసేస్తారు. డెల్టా వర్తకుడికి అసలు గండం మొదలయ్యేది ఆ తర్వాతే. బందరు పాత రికార్డులు తిరగేస్తే ఈ విషయం తేటతెల్లమవుతుంది. 1864 నవంబరు 1న ఉప్పెన పట్టణాన్ని ముంచి సుమారు 30 వేల మందిని బలిగొన్నది. 1949లో అక్టోబరు చివర మరో తుపాను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. 2013 నవంబరు 22న హెలెన్ తుపాను బందరు దగ్గరే తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల సమీపంలోను, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నర్సాపురం దగ్గర దాటాయి. 1990 మే తుపాను వంటివి లేకపోలేదుగాని, అప్పటికి సార్వా ధాన్యం మిల్లు చేరి ఉంటుంది.

ఈ తేదీలను పంట తేదీల పక్కన పెట్టి చూడాలి. సాంబ మసూరి (బి.పి.టి. 5204) వంటి రకానికి సుమారు 150 రోజులు పడుతుంది. జూన్ ఆఖరున నారు పోస్తే నవంబరు చివరకు కోత. కాలువ నీరు పదిహేను రోజులు ఆలస్యమయితే కోత డిసెంబరు నడిమికి జరుగుతుంది. 2022లో కృష్ణా డెల్టాకు జూన్ 10నే నీరు వదలడంలోని ఉద్దేశం కోతలను తుపానులకు ముందుకు జరపడమే. కాబట్టి అక్టోబరు వాన జోస్యం కంటే జూన్‌లో కాలువ తలుపులు ఎత్తిన తేదీయే ధర తెలిసినవారికి మేలైన సూచిక. ఈ తేదీని రాసిపెట్టుకునే దళారీలు చాలా తక్కువ.

కోసిన పనల మీద రెండు రోజుల వాన పడితే చాలు, గింజ రంగు మారుతుంది, మొలక వస్తుంది. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం మించకూడదు. దెబ్బతిన్న, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు పట్టిన గింజలన్నీ కలిపి 5 శాతానికి లోబడాలి. ఈ హద్దు దాటిన సరుకు అంతా మిల్లర్ల దయమీద పడుతుంది. మేలు రకం పాత నిలవల ధర మాత్రం ఆ వారమే బిగుస్తుంది. వరి కోతకు ముందు చల్లిన మినుము నీట మునిగితే అపరాల బజారుకూ ఆ సెగ తగులుతుంది.

ఇక దీర్ఘకాలపు పోకడ. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక ప్రకారం 1951-2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రపు ఉపరితలం సుమారు ఒక డిగ్రీ వేడెక్కింది. ఉత్తర హిందూ మహాసముద్రంలో తుపానుల మొత్తం సంఖ్య తగ్గింది. కాని 2000-2018 నడుమ రుతుపవనాల అనంతరం వచ్చే అతి తీవ్ర తుపానులు పెరిగాయి. సముద్ర మట్టం 1993-2017 మధ్య ఏటా 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. తుపానులు తగ్గాయన్న మాటను పట్టుకుని తీరపు పల్లపు గిడ్డంగులకు బీమా మానుకోవడం తెలివయిన పని కాదు. వచ్చే ఒక్కటీ గట్టిదయితే నష్టం మునుపటికి మించుతుంది.

పట్టీ చదివేటప్పుడు ఒక చిన్న నియమం. వాన కొలిచేది ఉదయం 8.30కు, అంతకు ముందరి 24 గంటల వాన ఆనాటి తేదీ కింద వేస్తారు. డిసెంబరు 5 మధ్యాహ్నం కురిసినది పట్టీలో 6వ తేదీన కనబడుతుంది. సరుకు తడిసింది అప్పగింతకు ముందా, తర్వాతా అన్న తగాదా వచ్చినపుడు ఈ ఒక్క రోజు తేడాతో నష్టం ఒకరి ఖాతాలోంచి మరొకరి ఖాతాలోకి మారిపోగలదు.