ఆరుద్ర కార్తెకు అధిదేవత రుద్రుడు

ఏటా జూన్ 22 ప్రాంతంలో సూర్యుడు ఆర్ద్రా నక్షత్రంలో ప్రవేశించగానే ఆరుద్ర కార్తె ఆరంభమై, దాదాపు 14 రోజులు కొనసాగుతుంది. 27 నక్షత్రాలలో ఇది ఆరవది. మిథున రాశికి చెందినది. కార్తె పేరు దీనిదే అయినా ఆ రోజులలో తార కానరాదు, సూర్యకాంతిలో కలిసిపోతుంది. ఎర్రని ఆ చుక్కను చలికాలపు రాత్రులలోనే చూడాలి.

ఆర్ద్రమనగా తడి. దీనికి గుర్తు కన్నీటి బొట్టు, అధిదేవత రుద్రుడు. ఆ నామానికి రోదింపజేయువాడని ఒక వ్యుత్పత్తి. అదే దేవుణ్ణి ఔషధాలిచ్చే వైద్యుడిగానూ వేదం కీర్తించింది. పిడుగులతో బెదిరిస్తూనే పైరుకు ప్రాణం పోసే ఈ కార్తెకు తగిన దేవతే.

‘ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు’ అని సామెత. తొలకరి తడికి నేలపై పాకే మఖమలు వంటి ఎర్ర పురుగుకూ ఆరుద్ర పేరే స్థిరపడింది.

అయితే కార్తె వచ్చిందని పొడి దుక్కిలో విత్తి, మొలక రాక రెండోసారి విత్తనాలకు అప్పు చేసే రైతులున్నారు. ఆరవ శతాబ్దంలో, వరాహమిహిరుని నాడు, ఈ కార్తె ఉత్తరాయణం ముగియడానికి మూడు వారాల ముందే వచ్చేది. అయన చలనం వల్ల సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున వెనక్కి జరిగి, ఇప్పుడు ఆ సమయానికే వస్తోంది. వర్షాధార పత్తికి 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన కురిసి నేల బాగా నానిన తరువాతే విత్తుకోవాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు సూచిస్తున్నారు.