గట్టుకు వేళ్ళే ఇనుపకడ్డీలు



సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం వద్ద వెలసిన జంషెడ్‌పూర్‌ను మనం ఉక్కునగరంగానే ఎరుగుదుము. జీవనోపాధికై అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. నగరం దాటి దల్మా కొండల వైపు వెళ్ళిన యెడల, మన ఉత్తరాంధ్ర మెట్టలను పోలిన వాలు నేలలు కనిపిస్తాయి. ఎగువ మెట్టను అక్కడివారు టాండ్ అనీ, దిగువ వరిమళ్ళను దోన్ అనీ అంటారు. వానలో అధికభాగం జూన్ నుండి సెప్టెంబరు లోపలే కురుస్తుంది. ఆ నాలుగు మాసాలలో టాండ్ మన్ను జారి దోన్‌లో మేట వేస్తుంది, గట్లు తెగుతాయి. ఋణం తీసుకొని వేసిన గట్టు కొట్టుకుపోయినా వాయిదా తేదీ మాత్రం మారదు. కనుక గట్టును నిలిపే ఉపాయం మీరు తెలుసుకోవడం అవసరం.

వేరు చేసే పని

మట్టి బరువును మోయగలదు గాని లాగుడును తట్టుకోలేదు. కాంక్రీటు స్వభావమూ ఇదే. అందుకే అందులో ఇనుపకడ్డీలు వేస్తారు. మట్టిలో ఆ పనిని వేళ్ళు నిర్వహిస్తాయి. వాలు జారబోయినప్పుడు అవి బిగుసుకొని, పై పొరను అడుగున ఉన్న గట్టి పొరతో కట్టి ఉంచుతాయి. పీచువేళ్ళు మట్టి రేణువులను పట్టి ఉంచుతాయి. మొక్క నేలలోని నీటిని పీల్చి ఆకుల ద్వారా వదలుతుంది గనుక గట్టు నానిపోవడం తగ్గుతుంది. పైనున్న దుబ్బు పారే నీటి వడిని అణచివేస్తుంది.

వట్టివేరు ప్రత్యేకత

పరీక్షలలో వట్టివేరు బలం సగటున మామూలు ఉక్కు బలంలో సుమారు ఆరవ వంతుగా తేలింది. ఆ లెక్కన ఒక మిల్లీమీటరు మందం గల వేరు దాదాపు 6 కిలోల బరువును మోయగలదు. వేళ్ళు పక్కలకు అంతగా పాకక, అనువైన నేలలో 3 మీటర్ల లోతుకు నిలువుగా దిగుతాయి. పైరుతో పోటీ తక్కువ. 1987లో ప్రపంచ బ్యాంకు ఈ గడ్డిని గురించి రైతులకు ఉపకరించే చిన్న పుస్తకం వెలువరించింది. కర్ణాటకలోని గుండ్లుపేట రైతులు అంతకు ఎంతో ముందునుండే దీనిని పొలం గట్లపై పెంచుతూ వచ్చారు. జార్ఖండ్‌లోని నోవాముండి ఇనుపగనిలో వ్యర్థపు మట్టిదిబ్బల వాలుపైనా దీనిని నాటారు.

నాటే విధానం

తొలకరి వానలు పడగానే, వాలుకు అడ్డంగా, కాంటూరు గీత వెంబడి, 10 నుండి 15 సెంటీమీటర్ల ఎడంతో పిలకలను నాటవలెను. చచ్చిన పిలకల స్థానంలో వెంటనే కొత్తవి నాటండి. నీరు ఆ సందుల్లోనే గుమిగూడి గండి కొడుతుంది. తొలి ఏడాది పశువుల నుండి కాపాడండి. వరుస చిక్కబడడానికి రెండు మూడేళ్ళు పడుతుంది.

డీలర్లకు సూచన

విత్తనం కట్టని దక్షిణాది రకాన్నే సరఫరా చేయండి. ఉత్తర భారతంలో సహజంగా పెరిగే రకం విత్తనాల ద్వారా పొలంలో వ్యాపించవచ్చు. పిలకల వేళ్ళు ఎండకుండా తడి గోనెలలో పంపవలెను.

గమనించవలసినవి

వేళ్ళు అందని లోతున జారే కొండవాలును ఏ మొక్కా ఆపలేదు. అట్టి చోట ఇంజనీరు సలహా తప్పనిసరి. గట్టు మీది చెట్టును నరికినచో, కొన్నేళ్ళకు వేళ్ళు కుళ్ళి గట్టు బలం తగ్గుతుంది. సుగంధ తైలం కోసం వట్టివేరుకు గిరాకీ ఉన్నమాట నిజమే. అయితే గట్టు మీది వేరును తవ్వి అమ్మడమంటే గట్టునే అమ్ముకోవడం. అమ్మకానికి వేరే మడిలో పెంచుకోండి.

గట్టు, చెరువు పనులకు ఋణం కోరేటప్పుడు పిలకల ఖర్చునూ అంచనాలో చేర్చే విషయమై మీ శాఖ క్షేత్రాధికారిని సంప్రదించండి. మన్ను నిలిస్తేనే పంట, పంట నిలిస్తేనే వాయిదా.