రెండో కేబుల్ నిద్రపోవాలి

‘సర్వర్ డౌన్’ అన్న మాట మనకు ‘పవర్ కట్’ అంత అలవాటైపోయింది. మీసేవలో విన్నా, బ్యాంకులో విన్నా తలూపి వెనక్కి వచ్చేస్తాం. చాలాసార్లు సర్వర్ నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది, దాని దాకా పోయే దారే తెగుతుంది. అందుకే, ‘మాకేం భయం, కింద ఒక సర్వర్, మూడో అంతస్తులో ఇంకొకటి పెట్టాం’ అని ఎవరైనా ధీమాగా చెబితే నాకు ఒళ్లు మండుతుంది. సర్వర్లు రెండు సరే, దారులెన్ని?

నిజామాబాద్‌లో ఈ ప్రశ్నకు ఇప్పుడు పని పడింది. 2023లో ఐటీ టవర్ తెరిచారు. మార్కెట్ యార్డులో పసుపు బేరం ఈ-నామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్‌లో నడుస్తుంది. రైతు కుప్ప పక్కనే నిలబడతాడు, ధర మాత్రం తెర మీద తేలుతుంది. ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో బోధన్ చెరకు రైతుకు వేరే చెప్పక్కర్లేదు. ఆసియాలోనే పెద్దదని పేరున్న శక్కర్‌నగర్ నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడ్డాక చెరకు మానేసి వరికి మళ్లినవాళ్లు ఎందరో.

ముందు మీ బిల్డింగులో లిఫ్టు పక్కనున్న షాఫ్టు తలుపు తీసి చూడండి. కరెంటు తీగలు, బాత్రూం పైపు, వాటికి కట్టేసిన నెట్ కేబుళ్లు, కింద ఎలుకలు కొరికిన ప్లాస్టిక్ పొట్టు. రెండు అంతస్తుల మధ్య రెండు కేబుళ్లు వేసి, రెండూ ఈ షాఫ్టులోంచే లాగితే, ప్లంబరు కట్టరు ఒక్క దెబ్బకు రెంటినీ తెంపుతుంది. రెండోది ఇంకో వైపు మెట్ల పక్కనుంచి పోవాలి. రెండూ ఫైబరే అయితే మంచిది. ఫైబర్ అంటే గాజు పోగు, గాజులో కరెంటు పారదు కాబట్టి, పిడుగు పడినప్పుడు ఒక అంతస్తు పరికరాల్ని మాడ్చిన దెబ్బ ఆ కేబుల్ వెంట రెండో అంతస్తుకు పాకదు.

ఇక్కడ వాస్తు సిద్ధాంతి అడ్డొస్తాడు. ఆగ్నేయం అగ్నిస్థానం, సర్వర్లు అక్కడే ఉండాలంటాడు. దాంతో కింది ర్యాకు, పై ర్యాకు ఒకదాని నెత్తిన ఒకటి, ఒకే షాఫ్టు పక్కన చేరతాయి. పైన పైపు కారితే రెండూ తడుస్తాయి. ర్యాకుకు కట్టిన నిమ్మకాయ ఆ నీటిని ఆపదు.

సరే, రెండు దారులూ వేశారు. రెండు కొసలూ స్విచ్‌లకు, అంటే అంతస్తులోని నెట్ కేబుళ్లను కలిపే పెట్టెలకు గుచ్చగానే బిల్డింగంతా నెట్ ఆగిపోతుంది! ఎందుకో అర్థం కావాలంటే ఊళ్లో డప్పు చాటింపు తలుచుకోండి. అందరి కోసం వచ్చిన కబురునైనా, ఎవరిదో తెలియని కబురునైనా స్విచ్ అది వచ్చిన వీధి తప్ప మిగతా వీధులన్నింటా చాటుతుంది. కింద ఒక డప్పు, పైన ఒక డప్పు, మధ్య ఒకే వీధి ఉంటే కబురు పైకి పోయి ఆగుతుంది. రెండు వీధులుంటే కిందివాడు రెంటిలోనూ చాటుతాడు. పైవాడు ఒక వీధిలో విన్నది రెండో వీధిలోకి, అందులో విన్నది ఇందులోకి చాటుతాడు. అది తిరిగి కిందివాడి చెవిన పడుతుంది. తను చెప్పిందే అని వాడికి తెలియదు, కొత్త కబురనుకుని మళ్లీ డప్పందుకుంటాడు. మనుషులైతే గొంతు పోయి ఆగుతారు, పొద్దుగూకితే ఇంటికి పోతారు, కల్లు దుకాణం పిలిస్తే అటు తిరుగుతారు. స్విచ్‌కు అలుపు లేదు. ఈథర్నెట్ కబురుకేమో ‘ఇన్నిసార్లు తిరిగాక చచ్చిపో’ అన్న గడువూ లేదు. సెకనుకు వేలసార్లు అదే మాట. స్విచ్ మీద పచ్చలైట్లన్నీ పూనకం వచ్చినట్టు ఒక్కసారే కొట్టుకుంటాయి. ఆ హోరులో పసుపు రేటు ఎవరికి వినబడుతుంది?

దీనికి మందు 1985లో అమెరికాలోని డెక్ కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ కనిపెట్టింది. పేరు స్పానింగ్ ట్రీ. స్విచ్‌లు రెండేసి సెకన్లకొకసారి పలకరించుకుంటూ, తమలో ఒకదాన్ని పెద్దగా పెట్టుకుని, చక్రం తిరిగే దారిని మూసేస్తాయి. మూసిన దారి పలకరింపులు వింటుంది గానీ కబుర్లు మోయదు. మొదటిది తెగితే లేచి పనిలోకి దిగుతుంది. పాత పద్ధతిలో లేవడానికి 30 నుంచి 50 సెకన్లు, 2001లో వచ్చిన ర్యాపిడ్ రకంలో ఒకట్రెండు సెకన్లు చాలు. ‘లక్షలు పోసి కొన్న కేబుల్ ఊరికే పడుందేం’ అని అకౌంట్స్ వాళ్లు అడుగుతారు. పడుండటమే దాని ఉద్యోగం. రెంటితోనూ పని చేయించే ఎల్‌ఏసీపీ పద్ధతి ఉంది గానీ, రెండు కొసల స్విచ్‌ల్లోనూ ఆ అమరిక చేయాలి.

స్పానింగ్ ట్రీ పెట్టామని నిశ్చింతగా ఉండటానికీ లేదు. 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆస్పత్రిలో నెట్‌వర్క్ స్పానింగ్ ట్రీ హద్దు దాటి పెరిగిపోయి కుప్పకూలింది. దాదాపు నాలుగు రోజులు డాక్టర్లు కాగితాల మీదే మందులు రాశారు.

సర్వర్ల తగాదా ఇంకొకటుంది. మధ్య దారులన్నీ తెగితే, ‘అవతలిది చచ్చింది’ అనుకుని రెండూ యజమాని పాత్రలోకి దిగుతాయి, ఒకే బిల్లు నంబరు ఇద్దరికి ఇస్తాయి. ఎవరు యజమానో తేల్చడానికి వేరే దారిలో మూడో చిన్న యంత్రం సాక్షిగా ఉండాలి.

ఇవన్నీ అయ్యాక, పని నడుస్తున్న పూట, మేనేజరుకు ముందే చెప్పి, మొదటి కేబుల్ పీకేయండి. పక్కన ల్యాప్‌టాప్‌లో పింగ్ (‘ఉన్నావా’ అని అవతలి యంత్రాన్ని పదేపదే అడిగే ఆదేశం) నడుపుతూ ఎన్ని జవాబులు తప్పిపోయాయో లెక్కపెట్టండి. తిరిగి గుచ్చాక రెండోది పీకండి. ఆ చేత్తోనే రెండు ర్యాకుల కరెంటు తీగలు పట్టుకుని ఏ యూపీఎస్ దాకా పోతున్నాయో చూసి రండి, రెండూ ఒక్కదానికే పోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే.