గేరులో ఉంటే గండమే

పోర్ట్‌బ్లెయిర్‌లో చదునైన వీధి దొరకడం కష్టం. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన ఈ నగరంలో, గోల్ ఘర్ మీదుగా సరుకు చేరవేసే పికప్ డ్రైవర్లు ఏటవాలులో బండి ఆపితే హ్యాండ్‌బ్రేక్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. మొదటి గేరు వేసి, చక్రం కింద రాయి పెట్టి దిగాలి. మంచి అలవాటే. కాకపోతే అదే బండికి బజారు రిమోట్ స్టార్టర్ బిగిస్తే ఆ అలవాటే ప్రాణం మీదికి తెస్తుంది.

మంచు దేశాల్లో ఇంజన్‌ను ముందే వేడెక్కించడానికి పనికొచ్చే ఈ సదుపాయం మన ఉక్కపోతలో క్యాబిన్‌ను చల్లబరచడానికి ఉపయోగపడుతోంది. సరుకు మోసే పికప్‌లలో ఎక్కువ భాగం మాన్యువల్ గేర్లవే, చిక్కంతా అక్కడే. ఆటోమేటిక్ బండి పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటే తప్ప స్టార్ట్ కాదు. మాన్యువల్‌లో ఆ కాపలా లేదు. కొత్త మోడళ్లలో క్లచ్ తొక్కితేనే స్టార్టయ్యే స్విచ్ ఉన్నా, రిమోట్ పనిచేయాలంటే దాన్ని దాటవేయాల్సిందే. ఇక గేరులో ఉండగా మీట నొక్కితే స్టార్టర్ మోటారు ఇంజన్‌తో పాటు చక్రాలనూ తిప్పుతుంది. ఇంజన్ అందుకుందా, డ్రైవర్ లేని బండి రోడ్డెక్కుతుంది.

దీనికి విరుగుడు మాడ్యూల్‌లోనే ఉంది. చాలా మాడ్యూళ్లలో న్యూట్రల్ కోసం ఒక తీగ ఉంటుంది, దానికి ఎర్త్ అందితేనే స్టార్ట్‌కు అనుమతి. పని తొందరగా ముగించాలనుకునే ఫిట్టర్ దాన్ని నేరుగా బాడీకి బిగించేస్తాడు. బండి ఎప్పుడూ న్యూట్రల్‌లోనే ఉందని మాడ్యూల్ నమ్మేస్తుంది!

సరైన దారి కాస్త పొడుగు. డ్రైవర్ ఇంజన్ ఆడుతుండగానే న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, తాళంచెవి తీసి దిగి తలుపులు వేయాలి. మాన్యువల్ బండ్ల కోసం తయారైన మాడ్యూల్ ఆ తర్వాతే ఇంజన్‌ను ఆపి, న్యూట్రల్‌ను గుర్తుంచుకుంటుంది. తర్వాత ఏ తలుపు తెరిచినా ఆ అనుమతి రద్దు. అందుకే హ్యాండ్‌బ్రేక్ తీగతో పాటు రెండు తలుపుల తీగలూ కలపాలి. డ్రైవర్ వైపు తలుపుతో సరిపెడితే, ఎడమ తలుపు తీసి క్లీనర్ గేరు వేసినా మాడ్యూల్‌కు తెలియదు.

బ్రేక్ తీగది మరో కథ. పెడల్ తొక్కితేనే 12 వోల్టులు వచ్చే వైపు దాన్ని కలపాలి. ఎప్పుడూ కరెంటు ఉండే వైపు కలిపితే, పెడల్ తొక్కే ఉందనుకుని మాడ్యూల్ అసలు స్టార్టే చేయదు. విసుగెత్తి తీగ పీకేస్తే, ఇంజన్‌ను ఆపే దారి ఒకటి పోయినట్టే.

ఇక దీవుల ఉప్పుగాలి. న్యూట్రల్ తీగ తుప్పుపట్టి తెగితే బండి స్టార్ట్ కాదు, చిరాకే తప్ప ముప్పు లేదు. బానెట్ స్విచ్ అందుకు తిరకాసు. బానెట్ లేచినప్పుడు ఎర్త్ ఇవ్వడమే దాని పని. అది తుప్పుపడితే బానెట్ మూసే ఉందని మాడ్యూల్ అనుకుంటుంది. ఫ్యాన్ బెల్టు దగ్గర మెకానిక్ చేయి ఉండగా ఎవరో జేబులోని రిమోట్ నొక్కితే చాలు.

ఈ స్విచ్‌ను నెలకోసారైనా పరీక్షించాలి. బండిని న్యూట్రల్‌లో సిద్ధం చేసి, బానెట్ ఎత్తి, దూరంగా నిలబడి రిమోట్ నొక్కాలి. స్టార్టర్ కదలకూడదు. తర్వాత బానెట్ మూసి రిమోట్‌తో స్టార్ట్ చేసి, తాళంచెవి పెట్టకుండా బ్రేక్ తొక్కాలి. ఇంజన్ ఆ క్షణంలోనే ఆగాలి.