ఇటుకల ప్రభ

కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్లినవాళ్లెవరికీ ప్రభ అంటే ఏంటో చెప్పనక్కర్లేదు. కింద బండి, దాని మీద కర్రలు, వెదుళ్లతో కట్టిన చట్రం, రంగురంగుల అలంకరణ, రాత్రయితే కరెంటు దీపాలు. ఎనభై అడుగుల ప్రభ ఊరు దాటి వస్తుంటే మెడ నొప్పి పుట్టేదాకా తల ఎత్తి చూస్తాం. సెలవుల్లో నాకో బుద్ధి పుట్టింది. మా అక్కవాళ్ల అబ్బాయి వదిలేసిన లెగో ఇటుకల డబ్బాతో ప్రభ కడితే ఎలా ఉంటుంది?

లెగో అంటే డబ్బా మీద బొమ్మ చూసి, లోపలి పుస్తకం ప్రకారం కట్టేదే అనుకుంటాం. కానీ ప్రపంచమంతా అభిమానులు పుస్తకం పక్కన పెట్టి సొంతంగా కడుతుంటారు. వాళ్ల ఊరి రైల్వే స్టేషన్, నచ్చిన సినిమాలో బండి, ఇష్టమైన పాత్ర, ఏదైనా సరే. వీటిని 'మాక్' అంటారు, అంటే 'మై ఓన్ క్రియేషన్'. 'లెగో ఐడియాస్' అని కంపెనీవాళ్లదే ఒక వేదిక ఉంది. అక్కడ పెట్టిన నమూనాకి 10,000 మంది మద్దతు వస్తే కంపెనీ దాన్ని పరిశీలిస్తుంది, ఎంపికైతే సెట్‌గా అమ్మకానికి తెస్తుంది.

ఇదంతా నడిచేది కొలతల మీద. ఇటుక మీద ఉండే గుండ్రటి బుడిపెల్ని స్టడ్స్ అంటారు. ఒక స్టడ్ మధ్య నుంచి పక్క స్టడ్ మధ్యకి 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6, పల్చటి ప్లేటు ఎత్తు 3.2. అంటే మూడు ప్లేట్లు కలిస్తే ఒక ఇటుక. ఈ స్టడ్-గొట్టం అమరికకి డెన్మార్క్‌లో 1958లో పేటెంట్ వేశారు. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకకి అతుక్కుంటుంది. మన వర్క్‌షాప్‌లో టాలరెన్స్ గురించి చదివేటప్పుడు ఈ ఒక్క ఉదాహరణ చెప్పినా చాలు.

ఇక స్కేలు. నేను 1:100 తీసుకున్నా. ఒక ఇటుక, దానిమీద రెండు ప్లేట్లు పెడితే 16 మిల్లీమీటర్లు, అంటే 1.6 మీటర్ల మనిషి. ఎనభై అడుగుల ప్రభ ఎత్తు 24 సెంటీమీటర్లు, అంటే 25 వరసలు. చిన్న ఇటుకల్ని నిలువుగా పేర్చుకుంటూ పోయా. పదిహేనో వరస దాటగానే వేలు తగిలి నడుం దగ్గర విరిగింది. తప్పేంటో మా వీధిలో గోడ కడుతున్న మేస్త్రిని చూస్తే అర్థమైంది. కింది వరసలో అతుకు ఉన్నచోట పై వరసలో ఇటుక మధ్యభాగం రావాలి. అతుకులన్నీ ఒకే గీతలో పడితే అక్కడే చీలుతుంది. సిమెంటు గోడకీ ప్లాస్టిక్ గోడకీ సూత్రం ఒక్కటే.

రెండో కష్టం, ఇటుకలు చాలకపోవడం. దీనికి జవాబు మన పల్నాడులోనే దొరికింది. నాగార్జునకొండ మహాచైత్యం ఇక్ష్వాకుల కాలం నాటిది, క్రీ.శ. 3వ శతాబ్దం. దాని పునాది బండి చక్రంలా ఉంటుంది. మధ్యలో కుంభి, ఆకుల్లాగా అడ్డుగోడలు, చుట్టూ వలయం. గోడలకే ఇటుక వాడి, మధ్య ఖాళీల్లో మట్టి నింపారు. పెద్ద మాక్‌లు కట్టేవాళ్లూ అంతే, పైకి కనిపించే తొడుగు, లోపల అడ్డుగోడలు, మిగతాది బోలు. నేనూ కింది బండిని అలాగే కట్టా. మిగిలిన ఇటుకలు ప్రభకి సరిపోయాయి.

దీపాలకి ఇంకో కిటుకు. ఇటుకల్ని పక్కకి తిప్పి, స్టడ్స్ ముందుకి వచ్చేలా కట్టడాన్ని 'స్నాట్' అంటారు. ఐదు ప్లేట్ల మందం సరిగ్గా రెండు స్టడ్ల వెడల్పు, 16 మిల్లీమీటర్లు. కాబట్టి తిప్పినా సందు లేకుండా కూర్చుంటాయి. అలా ముందువైపు గాజులా మెరిసే గుండ్రటి ముక్కలు పెట్టా. డబ్బాలో లేని ముక్కలతో ఎలా ఉంటుందో ముందే చూసుకోవాలంటే 'స్టూడియో' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పైసా ఖర్చు లేకుండా తెర మీదే కట్టి చూసుకోవచ్చు.

మొత్తానికి ప్రభ నిలబడింది. కాలేజీ తెరిచాక హాస్టల్‌కి తెచ్చి బల్ల మీద పెట్టా. మాది చిలకలూరిపేట పక్కన పల్లెటూరు అని చెప్పుకునే మా రూమ్‌మేట్ చూసి ఒక్కటే అడిగాడు: "ఒరేయ్, మోకులేవిరా?"

నిజమే. నేను ఫొటోలు చూసి కట్టా. ఫొటోలో దీపాలు కనిపిస్తాయి, చీకట్లో మోకులు కనిపించవు. కానీ ప్రభ కదిలేటప్పుడు అటూ ఇటూ మోకులు పట్టుకున్న మనుషులే దాన్ని పడిపోకుండా కాస్తారు. వాడు ఆ మోకు పట్టుకున్నవాడు, అందుకే ముందు అదే వెతికాడు.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని కుట్టుదారంతో మోకులు కట్టాం. లెగో ముక్కలు తప్ప వేరేది వాడకూడదనే అభిమానులు ఒప్పుకోరనుకోండి! ఒక్కో దారం చివర ఇటుక, రెండు ప్లేట్ల మనిషిని నిలబెట్టాం. బల్ల కదిపి చూస్తే ప్రభ ఊగింది గానీ పడలేదు.

ఎక్కడో కూర్చుని మన ప్రభని ఎవరైనా కట్టొచ్చు. మోకు మాత్రం మర్చిపోతారు. అందుకే మన ఊళ్లని మనమే కట్టాలి. మీ దగ్గర పాత ఇటుకల డబ్బా ఉంటే పట్టుకురండి. ఈసారి నాగార్జునకొండ చక్రం మొదలెడదాం.